"మర్చిపో" అనకండి, ఎలా బతకాలో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) గురించి, అంటే భయంకరమైన సంఘటన జరిగాక ఆ భయం మనసునీ ఒంటినీ వదలని జబ్బు గురించి వ్యాసం వేశారు. ఆ పేరు తెలుగు పేపర్లో అంత పెద్ద అక్షరాలతో చూడటం నాకు అదే మొదటిసారి, అందుకు ముందుగా థాంక్స్. కానీ చివర్లో బాక్స్ కట్టి ఇచ్చిన సలహాలు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. "గతాన్ని మర్చిపోండి, మంచి ఆలోచనలు చేయండి, ఏదో ఒక పనిలో పడండి, ధైర్యంగా ఉండండి" అని నాలుగు ముక్కలు. నాలుగేళ్లుగా దీంతోనే బతుకుతున్నదాన్ని నేను. ఈ నాలుగు ముక్కలూ నాకు చుట్టాలు చెప్పారు, పక్కింటివాళ్లు చెప్పారు, ఆఫీసులో చెప్పారు, నాకు నేనే కొన్ని వందలసార్లు చెప్పుకున్నాను. మర్చిపోవడం చేతనైతే ఇది జబ్బే కాదు కదండీ.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. రాత్రిపూట, వానలో, అన్నయ్య కారు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో ఉన్నాను. ఎదురుగా వచ్చిన లారీ గుద్దింది. ఇద్దరం బతికాం. నా చెయ్యి విరిగింది, మూడు నెలలకి అతుక్కుంది. చెయ్యి ఎలా ఉందని అడగనివాళ్లు లేరు. లోపల ఏం విరిగిందో మాత్రం ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పడానికి నాకే తెలియదు. వైపర్ల చప్పుడు వింటే ముచ్చెమటలు పట్టేవి. ఎక్కడో గ్లాసు పడి పగిలితే ఉలిక్కిపడి గోడకి కరుచుకుపోయేదాన్ని. రాత్రిళ్లు నిద్రలో కేకలు. పగలు ఏ సంతోషమూ అంటదు, పిల్లల మీద మాత్రం అయినదానికీ కానిదానికీ అరుపులు. ఇలాంటివి ప్రమాదం జరిగిన కొత్తలో ఎవరికైనా వస్తాయి, చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకుండా రోజువారీ పనులకి అడ్డం పడుతుంటే అప్పుడు డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటారు. నేను నెల కాదు, పదమూడు నెలలు ఆగాను. కాలమే మందు అని అందరూ అంటుంటే నమ్మాను. కాలం నాకు మందు కాలేదు.

ఆ పదమూడు నెలల్లో నన్ను ఎక్కువగా తినేసిన ప్రశ్న ఒకటుంది. అన్నయ్య కూడా అదే కారులో ఉన్నాడు, అదే లారీని చూశాడు, రెండు నెలలకే మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు. మరి నాకెందుకిలా? నేనంత పిరికిదాన్నా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి భయంకరమైన సంఘటన ఏదో ఒకటి ఎదుర్కొంటారు, వాళ్లలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి. ఒకే కారులో ఇద్దరికి రెండు రకాలుగా అవడంలో వింతేమీ లేదని ఆ అంకెలు చూశాకే నాకు మనసుకెక్కింది. పిరికితనం అనే మాటకి పెద్ద చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు వణికిపోతూ, మాట పడిపోయి వస్తుంటే 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు లాన్సెట్ అనే వైద్య పత్రికలో దాని గురించి "షెల్ షాక్" అని రాశారు. అదే యుద్ధంలో పారిపోయారనో, పిరికితనం చూపించారనో మరణశిక్ష వేసి కాల్చేసిన 306 మంది సైనికులకి బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. వాళ్లలో షెల్ షాక్ తగిలినవాళ్లూ ఉన్నారు. పీటీఎస్‌డీ అనే పేరుతో ఇది వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది 1980లో. అంటే ఇది జబ్బు అని పేరు పెట్టి ఒప్పుకోవడానికే అన్నేళ్లు పట్టింది, ఇక మా చుట్టాలకి అర్థం కాలేదని నేను కోపం పెట్టుకోవడం మానేశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ బాక్సులో ఉండాల్సింది ఏంటి?

సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ అంటే కథ వెనక్కి వెళ్లడం. మాకు వచ్చేది అలా కాదు. వెనక్కి వెళ్లేది ఏమీ ఉండదు, అప్పటిదే ఇప్పుడు జరుగుతుంది. పెట్రోలు వాసన ముక్కుకి తగులుతుంది, అతుక్కున్న చెయ్యి మళ్లీ సలుపుతుంది. మెదడులో అమిగ్డలా అని బాదంగింజ ఆకారంలో ఒక భాగం ఉంటుంది, అపాయం పసిగట్టి అలారం కొట్టడం దాని పని. ఇది ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది అని జ్ఞాపకానికి తేదీ వేసి దాచడంలో హిప్పోకాంపస్ అనే మరో భాగం సాయం చేస్తుంది. అంత భయంలో ఆ దాచడం సరిగ్గా జరగదట. అందుకే తేదీ లేని ఆ జ్ఞాపకం చిన్న చప్పుడుకే ఇవాళ్టిదైపోయి మీద పడుతుంది. తాడును చూసి పాము అనుకోవడం అందరికీ తెలిసిందే, దీపం తెచ్చి చూపిస్తే ఆ భయం పోతుంది. మాకు దీపం తెచ్చి చూపించినా ఒళ్లు వెంటనే నమ్మదు. దానికి మెల్లగా, మళ్లీ మళ్లీ నచ్చచెప్పాలి. మేం రోజూ చేసుకోవాల్సిన పనిలో సగం ఇదే.

దానికి నేను వాడేది ఒక తాళంచెవి. పాత బీరువాది, ఆ బీరువా ఇప్పుడు లేదు. దానికి ఐదు పళ్లు, మూడోది కొంచెం అరిగింది. గుండె దడ మొదలైందంటే అది చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కో పన్నూ తడుముతాను. చల్లగా ఉంటుంది, కొనలు గుచ్చుకుంటాయి. అరిగిన పన్ను దగ్గర ఆగి పైకే చెప్తాను: "ఇవాళ బుధవారం. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. చెయ్యి అతుక్కుంది, ఇదిగో వేళ్లు కదులుతున్నాయి. అన్నయ్య వాళ్లింట్లో ఉన్నాడు." పక్కన ఎవరున్నా సరే చెప్తాను. దీన్ని గ్రౌండింగ్ అంటారు. కంటికి కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి చెప్పుకోవడం ఇంకో పద్ధతి, చాలామందికి అది బాగా కుదురుతుంది. నాకు ఆ సమయంలో అన్ని లెక్కలు గుర్తుండవు, తాళంచెవే తేలిక. ఏదైనా సరే, బాగున్న రోజున ప్రాక్టీసు చెయ్యాలి. ఒళ్లంతా వణుకుతున్నప్పుడు కొత్తగా నేర్చుకుందామంటే ఏదీ బుర్రకెక్కదు. నేను మొదట చేసిన తప్పు అదే, రెండుసార్లు చూసి "ఇది పనిచెయ్యదు" అని వదిలేశాను.

ఊపిరి గురించి కూడా ఒక మాట. లోపలికి తీసుకునే దానికన్నా బయటికి వదిలేది నెమ్మదిగా, ఎక్కువసేపు ఉండాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టేదాకా వదిలితే దడ కొంచెం కొంచెం దిగుతుంది. కానీ "కళ్లు మూసుకుని ధ్యానం చెయ్యండి" అని అందరికీ ఒకే గాటన కట్టి చెప్పకండి, దయచేసి. కళ్లు మూసుకుంటే నాకు హెడ్‌లైట్లే కనిపించేవి. నా ఒక్కదానికే కాదు, ట్రామా, అంటే మనసుకి ఇలాంటి గాయం ఉన్నవాళ్లలో చాలామందికి నిశ్శబ్దంలో కళ్లు మూసుకుని కూర్చుంటే మొదట్లో ఇంకా ఎక్కువవుతుంది. కళ్లు తెరిచే ఉంచి, అరికాళ్లు నేలకి గట్టిగా ఆనించి, ఎదురుగా ఉన్న ఏదో ఒక వస్తువుని చూస్తూ ఊపిరి మీద ధ్యాస పెట్టొచ్చు. అదీ కుదరకపోతే నడవొచ్చు. ధ్యానం రాలేదని మళ్లీ నన్ను నేనే తిట్టుకున్న రోజులు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

అన్నిటికన్నా నేను చెప్పాలనుకున్నది తప్పించుకోవడం గురించి, మీ వ్యాసంలో దీని ఊసే లేదు. ప్రమాదం తర్వాత నేను మొదట రాత్రిపూట కారెక్కడం మానేశాను. తర్వాత పగలు కూడా మానేశాను. తర్వాత లారీలు తిరిగే రోడ్ల వైపు వెళ్లడం, వాన పడితే గడప దాటడం, టీవీలో వార్తలు పెట్టడం, ఒక్కొక్కటీ మానేస్తూ వచ్చాను. మానేసిన ప్రతిసారీ "హమ్మయ్య" అనిపించేది. ఆ హమ్మయ్యే మమ్మల్ని ముంచుతుంది. ఎందుకంటే తప్పించుకున్న ప్రతిసారీ ఒళ్లు నేర్చుకునే పాఠం "చూశావా, నిజంగానే ప్రమాదం ఉంది, తప్పించుకున్నాం కాబట్టి బతికాం" అని. ఆ పాఠం అలా ముదిరి ముదిరి, ఏడాది తిరిగేసరికి నా ప్రపంచం రెండు గదులైంది. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే "దానికి కష్టంగా ఉంది, వదిలేయండి" అనేవాళ్లు. ఈ మధ్య సెల్ఫ్ కేర్ అనే మాట అందరి నోటా వింటున్నాను, మనసుకి కష్టమనిపించిన ప్రతిదాన్నీ దూరం పెట్టడమే సెల్ఫ్ కేర్ అన్నట్టు. మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు కానీ పీటీఎస్‌డీ ఉన్న మనిషికి అది విషం.

నన్ను చూసిన సైకాలజిస్టు ఒక నోటుపుస్తకంలో పది మెట్లు రాయించారు. ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు తయారుచేసిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే చికిత్సలో ఇదొక భాగం. మొదటి మెట్టు, ఆగి ఉన్న కారు పక్కన నిలబడి తలుపు మీద చెయ్యి వెయ్యడం. రెండోది, తలుపు తెరిచే ఉంచి, ఇంజను ఆపేసి పక్క సీట్లో కూర్చోవడం. భయానికి సున్నా నుంచి వంద దాకా మార్కులు వేసుకోమన్నారు. మూడో మెట్టు, తలుపు వేసి సీటు బెల్టు పెట్టుకోవడం. ఆ బెల్టు "టక్" మన్న చప్పుడు నేను మర్చిపోలేను, అంతే, తొంభై. బెల్టు తీసేసి పరిగెత్తాలనిపించింది. మా ఆయన కారు బయట నిలబడి ఏమీ మాట్లాడకుండా చూస్తున్నారు, ముందే అలా అనుకున్నాం. పది నిమిషాలకి ఎనభై అయింది. ఇరవై ఐదు నిమిషాలకి అరవై. నలభై నిమిషాలు దాటాక చూసుకుంటే ముప్పై ఐదు, అప్పుడు దిగాను. మర్నాడు అదే "టక్"కి డెబ్బైతో మొదలైంది. భయం దానంతటదే దిగుతుందని, నేను పారిపోకపోయినా నాకేమీ కాలేదని నా ఒంటికి తెలిసిన మొదటి రోజు అది. ఆ మెట్టు మీదే పదిహేను రోజులున్నాను, ఎవరూ తొందరపెట్టలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పకపోతే తప్పవుతుంది. మెట్లు పైకెక్కేకొద్దీ, ముఖ్యంగా జరిగిన సంఘటననే మళ్లీ తలుచుకునే పని ఒంటరిగా చెయ్యకూడదు, ఈ చికిత్స తెలిసిన డాక్టరో సైకాలజిస్టో పక్కన ఉండాలి. రెండోది, ఇది అయిపోయిన ప్రమాదాలకి మాత్రమే. ఇంట్లో కొట్టే మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటే ఆ ఇల్లాలి భయం జబ్బు కాదు, అది సరైన భయం. ఆమెకి కావాల్సింది మెట్లు కాదు, ముందు క్షేమంగా ఉండే చోటు.

నిద్ర సంగతి. పడుకోవాలంటేనే టెన్షన్, ఎందుకంటే పడుకుంటే కల వస్తుంది. ఈ కలలకి ఒక ఉపాయం ఉందని ప్రమాదం జరిగిన మూడో ఏడాది గానీ నాకు తెలియలేదు. దాన్ని ఇమేజరీ రిహార్సల్ అంటారు. వచ్చే పీడకలని పగటిపూట కాగితం మీద రాసుకుని, దాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చెయ్యాలి. మార్చిన కలని రోజూ పది, పదిహేను నిమిషాలు మేలుకుని ఉండగానే కళ్ల ముందు నడిపించుకోవాలి. నేను లారీ రాకముందే కల మార్చేశాను. వాన ఎక్కువైందని అన్నయ్య కారు పక్కకి ఆపుతాడు, ఇద్దరం అద్దాల మీద ఆవిరిలో చిన్నప్పటిలా వేలితో బొమ్మలు గీస్తూ వాన తగ్గేదాకా కూర్చుంటాం. పాత కల పూర్తిగా పోలేదు. వారానికి ఐదుసార్లు వచ్చేది ఇప్పుడు నెలకి ఒకటో రెండో. నిద్ర కోసం ఆల్కహాల్ జోలికి పోయేవాళ్లకి చెప్తున్నాను, అది నిద్ర పట్టిస్తుంది కానీ తెల్లవారుజాము నిద్రని ముక్కలు చేసేస్తుంది, పీడకలలు అప్పుడే విరుచుకుపడతాయి. కాఫీ, టీలు మధ్యాహ్నం తర్వాత మానితే నాకు తేడా తెలిసింది. ఎవరో ఇచ్చారని బెంజోడయాజెపైన్ రకం నిద్రమాత్రలు వేసుకోకండి, పీటీఎస్‌డీకి అవి మంచివి కావని చికిత్స మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఇప్పటికే వాడుతుంటే ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. సెర్ట్రాలిన్, పరాక్సెటిన్ లాంటి మందులు వేరు, వాటికి ఆధారాలున్నాయి, నేనూ ఏడాదిన్నర వాడాను. మందు వాడితే మనోబలం లేనట్టు కాదు.

ఇంట్లోవాళ్ల కోసం. మా ఆయనకి నేను ఒక చీటీ రాసి బీరువా తలుపు లోపల అంటించాను. "నేను అలా అయిపోయినప్పుడు ఉన్నట్టుండి పట్టుకోవద్దు. పేరు పెట్టి పిలవండి. లైటు వెయ్యండి. ఎక్కడున్నావో చెప్పు అని అడగండి. ఏం కాలేదులే అనొద్దు." నిద్రలో కేకలు వేస్తుంటే భుజం పట్టి ఊపకుండా దూరం నుంచి పిలవడం కూడా అప్పుడే నేర్చుకున్నారు, అంతకుముందు నిద్రలో ఒకసారి ఆయన్ని కొట్టాను. పిల్లలకి చెప్పడం ఇంకా కష్టమైంది. అరుపులు కూడా ఈ జబ్బులో భాగమేనని నాకు తెలుసు, ఏడేళ్ల పిల్లకి తెలియదు కదా. "అమ్మలో ఒక అలారం ఉంది, అది అప్పుడప్పుడు తప్పుగా మోగుతుంది, నువ్వేం చెయ్యలేదు" అని చెప్పాను. ఇప్పుడు నేను గొంతు పెంచితే "అమ్మా, అలారమా?" అని అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ ఆగి, నిజం చెప్తాను. కొన్నిసార్లు అలారం, కొన్నిసార్లు నిజంగానే అల్లరి.

ఇంకొంతమంది మంచి మనసుతోనే "జరిగిందంతా చెప్పెయ్, బరువు దిగిపోతుంది" అని కూర్చోబెడతారు. చెప్పాలనిపించినప్పుడు వినండి, బలవంతంగా చెప్పించకండి. సంఘటన జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అంతా చెప్పించేసే పద్ధతి వల్ల పీటీఎస్‌డీ ఆగదని తేలింది, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ దాన్ని వద్దనే చెప్తోంది. నేను ఆస్పత్రి మంచం మీద ఉండగా చూడటానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ కథ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చేది, రోజుకి ఆరేడుసార్లు. వాళ్ల తప్పు లేదు. పరామర్శ అంటే అదే అనుకున్నారు.

ప్రమాదం జరిగిన తేదీ ఏటా దగ్గరపడుతుంటే నాకు పది రోజుల ముందునుంచే ఒళ్లు తెలియకుండా బిగుసుకుంటుంది, కారణం తెలియక మొదటి ఏడాది అల్లాడిపోయాను. ఇప్పుడు క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకుంటాను. ఆ వారం పెద్ద పనులేవీ ఒప్పుకోను, ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేస్తాడు, ప్రమాదం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకోం.

ఇవన్నీ చేసినా సరిపోని రోజులుంటాయి. ఇవి చికిత్సకి బదులు కావు. ట్రామా మీద పనిచేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స), కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ లాంటి చికిత్సలు చాలామందిని బాగు చేస్తున్నాయి, ఎన్నేళ్ల కిందటి గాయమైనా వెళ్లొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం మెట్లు, తాళంచెవులు అన్నీ పక్కన పెట్టి ఆ నిమిషమే పక్కనున్న మనిషికి చెప్పండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెండో ఏడు ఒక రాత్రి నేను మా ఆయన్ని లేపి చెప్పాను. చెప్పడానికి గంటన్నర పట్టింది.

చివరగా మీతో నేరుగా ఒక విన్నపం. ఆ వ్యాసం వేసిన రోజే, మీ మొదటి పేజీలో నుజ్జునుజ్జయిన కారు ఫొటో నాలుగు కాలమ్‌లలో ఉంది, అద్దం మీద రక్తంతో సహా. పేపరు మడత విప్పగానే నాకు కనిపించింది అదే, తాళంచెవి తీసుకున్నాకే ఆరోగ్యం పేజీ దాకా వెళ్లగలిగాను. మీ వెబ్‌సైట్లో అయితే సీసీ కెమెరా వీడియోలు వాటంతటవే మొదలైపోతాయి. ప్రమాదాల వార్తలు వెయ్యొద్దని నేననను, వెయ్యాలి, రోడ్లు ఎందుకు అలా ఉన్నాయో అడగాలి. ఆ ఫొటో లోపలి పేజీకి వెళ్లినా, వీడియో మీద "ఇందులో ప్రమాద దృశ్యాలున్నాయి" అని ఒక్క లైను పెట్టి నొక్కితేనే మొదలయ్యేలా చేసినా మీ వార్త ఏమీ తగ్గదు. చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు కూడా ఆ పేపరే చదువుతారు. అలాగే వచ్చే ఆదివారం ఒక సైకాలజిస్టు చేత ఆ బాక్సు మళ్లీ రాయించండి, ఈసారి "మర్చిపోండి" అనే మాట లేకుండా.

నా పేరు ప్రచురించవద్దని మనవి. పదో మెట్టు, అంటే వాన పడే రాత్రి కారులో వెళ్లడం, నేనింకా ఎక్కలేదు, దానికి ముందు ఆఫీసులో ఈ సంగతి చెప్పాలనుకుంటున్నాను. వాళ్లకి పేపర్లో చదివి కాకుండా నా నోటితో తెలియాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు